కిట్ రివ్యూ రాసే ముందు వెర్నియర్ తీయండి

కడపలో ప్లాస్టిక్ మోడల్ కిట్‌ను డబ్బా విప్పి చూసి కొనే వీలు లేదు. కోటిరెడ్డి సర్కిల్ నుంచి ఏడు రోడ్ల కూడలి దాకా తిరిగితే రిమోట్ కార్లు కావలసినన్ని దొరుకుతాయి, 1/72 (అసలుదానిలో డెబ్బై రెండో వంతు సైజు) మిగ్-21 యుద్ధవిమానం మాత్రం దొరకదు. బెంగళూరుకో చెన్నైకో పోయినప్పుడు తెచ్చుకోవాలి, లేదంటే ఫోన్లో బొమ్మ చూసి తెప్పించుకోవాలి. ధర కూడా తక్కువేం కాదు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. కస్టమ్స్ లెక్కలో స్కేల్ మోడళ్లు వచ్చేది కూడా ఆ బొమ్మల పద్దులోనే, 9503 కిందే. పసిపిల్లల గిలక్కాయకూ, పెద్దవాళ్లు నెలల తరబడి కూర్చుని అతికించే విమానానికీ ఒకటే పద్దు. కాబట్టి మన ఊళ్లలో కిట్ కొనేవాళ్లు వస్తువును చూడకుండానే అంత డబ్బు పెడతారు. వాళ్లు నమ్ముకునేది రివ్యూనే.

ఆ రివ్యూల్లో ఎక్కువ భాగం డబ్బా విప్పిన సంబరంతోనే అయిపోతాయి. "డీటెయిల్ అద్భుతం", "ప్యానెల్ లైన్లు సూపర్", చివర్లో ఐదుకు నాలుగున్నర నక్షత్రాలు. రెక్క ఎంత పొడవుందో, ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) రెండు సగాలు సరిగ్గా కలుస్తాయో లేదో, విడిగా కొన్న రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే పదార్థం) కాక్‌పిట్ అందులో పడుతుందో లేదో చివరిదాకా చదివినా తెలియదు.

నేను డెంటల్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. కట్టుడు పళ్లు, క్యాపులు చేయడం నా పని. మైనం, అచ్చు, స్ప్రూ, రెజిన్‌లో బుడగలు, గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం ఇవన్నీ నాకు రోజూ ఉండే గొడవలే. అర మిల్లీమీటరు తేడా వస్తే పేషెంటు నోరు మూయలేడు, డాక్టరు ఫోన్ పెట్టేయడు. ఆ అలవాటు వల్ల కిట్ చేతికొస్తే నాకు ముచ్చట కంటే ముందు అనుమానం వస్తుంది. ఆ అనుమానాన్ని ఏ వరసలో తీర్చుకోవాలో, తీరాక ఏం రాయాలో చెప్తాను.

డబ్బాలో ఉన్నది ఏ విమానం?

ముందు ఈ సంగతి తేల్చండి, ప్లాస్టిక్ నాణ్యత తర్వాత. 1965 యుద్ధంలో పేరు తెచ్చుకున్న నాట్ విమానం మనవాళ్లలో చాలామందికి ఇష్టం. ఎయిర్‌ఫిక్స్ డబ్బా మీద నాట్ అని చూసి ఆశపడతారు. అది రెండు సీట్ల ట్రెయినర్, బ్రిటిష్ వాళ్లు శిక్షణకు వాడింది. మన వాయుసేన నడిపింది ఒక సీటు ఉన్న ఫైటర్. రెక్కలే వేరు: ఫైటర్‌ది 6.73 మీటర్లు, ట్రెయినర్‌ది 7.32 మీటర్లు. 1/72లో చూస్తే 93.5 మిల్లీమీటర్లు, 101.7 మిల్లీమీటర్లు. ట్రెయినర్ కిట్‌కు మన రంగులు వేసినంత మాత్రాన అది సాబర్ స్లేయర్ (సాబర్ జెట్లను కూల్చిన నాట్‌కు వచ్చిన పేరు) అయిపోదు. ఒక సీటు నాట్, దాని తర్వాతి అజీత్ కావాలంటే చెక్ కంపెనీ స్పెషల్ హాబీ 1/72లో చేసింది. కిట్ ఎంత బాగున్నా మన పాఠకుడికి పనికొచ్చే రకమో కాదో రివ్యూ మొదటి పేరాలోనే చెప్పేయాలి.

మిగ్-21తో ఇంకా చిక్కు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వాయుసేన దానికి వీడ్కోలు చెప్పింది. ప్రొద్దుటూరులో ఉన్న నా మేనల్లుడు ఆ వారమే ఫోన్ చేసి, "అత్తా, మిగ్ కట్టాల" అన్నాడు. ఏ మిగ్ రా అంటే నోట మాట లేదు. మనవాళ్లు నడిపిన రకాల్లో ఎఫ్‌ఎల్, బిస్ రెండింటికీ చాలా తేడా ఉంది. ఎఫ్‌ఎల్ వీపు సన్నగా ఉంటుంది, ఫిరంగి లోపల ఉండదు, కావాలంటే కడుపు కింద పాడ్‌లో తగిలించుకుంటుంది. బిస్ వీపు లావు, రెండు గొట్టాల 23 మిల్లీమీటర్ల జీఎస్‌హెచ్-23 ఫిరంగి కడుపులోనే ఉంటుంది. ముక్కు మీది పిటాట్ గొట్టం (గాలి వేగం కొలిచేది) ఎఫ్‌ఎల్‌లో పైన నడిమధ్యన ఉంటే, బిస్‌లో కొంచెం కుడికి జరిగి ఉంటుంది. ఈ మూడు చోట్ల స్ప్రూలో (భాగాలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ఉన్న భాగాలు చూస్తే డబ్బా మీద రాసిన పేరు నిజమో కాదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

అచ్చు వయసు కూడా ఇక్కడే చూడండి. ఒక కంపెనీ అచ్చును ఇంకో కంపెనీ కొత్త డబ్బాలో పెట్టి అమ్మడం ఈ రంగంలో మామూలే. రెవెల్ డబ్బాలో హసెగావా ప్లాస్టిక్ వచ్చిన సందర్భాలు ఉన్నాయి. స్ప్రూ ఫ్రేము మీద, రెక్క లోపలి వైపు, తోక లోపల చెక్కిన సంవత్సరం, కంపెనీ పేరు వెతకండి. కొన్నిచోట్ల పాత పేరును గీకేసిన మచ్చ కనిపిస్తుంది, అది కూడా సాక్ష్యమే. ప్యానెల్ లైన్లు, అంటే రేకుల అతుకుల గీతలు, ఉబ్బుగా ఉంటే చాలావరకు పాత అచ్చు, లోపలికి గీసినట్టుంటే తర్వాతి కాలానిది. పాతదైతే తప్పేమీ లేదు. పాతదాన్ని కొత్త ధరకు అమ్ముతుంటే మాత్రం ఆ మాట రాయండి.

కొలత

రివ్యూ రాసేవాళ్లకు ఖరీదైన కెమెరా లేకపోయినా పర్వాలేదు గానీ వెర్నియర్ కాలిపర్ ఉండాలి. స్టీలుదైనా సరే, డిజిటల్‌దైనా సరే. లెక్క చాలా తేలిక: అసలు విమానం కొలతను మిల్లీమీటర్లలో రాసి స్కేలుతో భాగించడమే. మిగ్-21 రెక్కల వెడల్పు 7.154 మీటర్లు. 72తో భాగిస్తే 99.4 మిల్లీమీటర్లు, 48తో భాగిస్తే 149. మిరాజ్ 2000 అయితే 9.13 మీటర్లు, అంటే 1/72లో 126.8, 1/48లో 190.2. మన సొంత యుద్ధవిమానం మారుత్ రెక్కలు 9 మీటర్లు, 1/72లో సరిగ్గా 125.

పొడవు దగ్గర జాగ్రత్త. పిటాట్ గొట్టంతో కలిపి ఇచ్చిన పొడవు ఒకటి, లేకుండా ఇచ్చింది ఒకటి ఉంటుంది. మిగ్-21కు ఈ తేడా చిన్నదేం కాదు. ఏది కొలిచారో, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో రాయకపోతే ఆ అంకెతో ఎవరికీ పని లేదు. అందుకే నేను ముందు రెక్కలు కొలుస్తాను, గొడవ లేని కొలత అది.

తేడా వస్తే ఎంతవరకు ఒప్పుకోవచ్చు? 1/72లో అర మిల్లీమీటరు తేడాను అలమారులో ఎవరూ పట్టుకోలేరు, నేనూ పట్టుకోలేను. రెండు మిల్లీమీటర్లు దాటితే రాస్తాను. అయితే మొత్తం కొలత కంటే ఆకారం ముఖ్యం. రెక్కలు సరిగ్గా 99.4 ఉండి, ముక్కు లావైతే అది మిగ్‌లా కనిపించదు. ఆకారాన్ని పక్కనుంచి, పైనుంచి, ఎదురుగా తీసిన అసలు ఫోటోలతో పోల్చాలి. దగ్గర్నుంచి తీసిన ఫోటోలో ముక్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది కాబట్టి దూరం నుంచి జూమ్ చేసి తీసినవి వాడండి. వీలైతే అసలుదాన్నే చూసి రండి. బెంగళూరులో హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వాళ్ల హెరిటేజ్ సెంటర్‌లో మారుత్, హెచ్‌టీ-2, కిరణ్ ఉన్నాయి. విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్, టీయూ-142 విమానం ఉన్నాయి. అక్కడికి పోతే మొత్తం విమానాన్ని ఒక ఫోటో తీసుకుని వచ్చేయకండి. చక్రాల గూళ్లు, ఎగ్జాస్టు లోపలి భాగం, రెక్క వెనక అంచు మందం ఫోటో తీయండి. డబ్బా తెరిచాక సందేహం వచ్చేది వాటి దగ్గరే.

ప్యానెల్ లైన్ల గురించి ఒక్క మాట. 1/72లో 0.2 మిల్లీమీటర్ల గీత అంటే అసలు విమానం మీద 14 మిల్లీమీటర్లకు పైగా ఉన్న సందు. అంత సందుతో ఏ ఫైటరూ ఎగరదు. సన్నగా ఉన్నంత మాత్రాన మంచిదనీ చెప్పలేం, రెండు పొరల రంగు పడితే కనిపించకుండా పోయే గీతలూ ఉన్నాయి. నేను చూసేది ఒకటే: రెక్క మీదా ఫ్యూజిలాజ్ మీదా గీత వెడల్పు ఒకేలా ఉందా, అచ్చు వంపు తిరిగే చోట మాయమైపోతోందా.

ప్లాస్టిక్ పరీక్ష

పక్కనుంచి పడే వెలుతురులో చూడండి. పైనుంచి ట్యూబ్‌లైటు వేస్తే సింక్ గుంటలు కనిపించవు. పొద్దున కిటికీ పక్కన కూర్చుని భాగాన్ని మెల్లగా తిప్పితే లోపల మందంగా ఉన్న చోట పైన పడిన చిన్న గుంట నీడై కనిపిస్తుంది. అంచుల్లో పల్చటి ఫ్లాష్ (అచ్చు దాటి కారిన ప్లాస్టిక్), పిన్నులు తోసిన గుండ్రటి గుర్తులు, అచ్చు రెండు సగాలు పక్కకు జరిగి ఏర్పడిన మెట్టు, ప్లాస్టిక్ నిండక మొండిగా ఆగిపోయిన కొసలు కనిపిస్తే అన్నీ రాసుకోండి. కానీ అన్నీ రివ్యూలో పెట్టకండి. అతికించాక కనిపించేవి, పుట్టీ పెట్టి అందుకోలేని చోట ఉన్నవి మాత్రమే పెట్టండి. చక్రాల గూటి తలుపు లోపలి వైపు పిన్ను గుర్తు పడితే అది పెద్ద తలనొప్పి, ఎందుకంటే చుట్టూ డీటెయిల్ ఉంటుంది, గీకితే అదీ పోతుంది. సీటు కింద ఉన్న గుర్తును ఎవరు చూస్తారు?

వంకర చూడ్డానికి నాకు మా వంటింటి గట్టు సరిపోతుంది. పాలిష్ చేసిన కడప బండ అది. ముందు స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి బండ చదునుగా ఉన్న చోటు వెతుక్కోవాలి. అక్కడ రెక్క సగాన్ని పెట్టి వేలితో మెల్లగా నొక్కితే ఊగుతుందో లేదో తెలుస్తుంది. ఊగితే కింద మామూలు జెరాక్స్ కాగితం దూర్చండి. 80 జీఎస్ఎం కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. రెండు కాగితాలు దూరితే 0.2, మూడైతే 0.3. "కొంచెం వంకరగా ఉంది" అనే బదులు "ఎడమ రెక్క కొస దగ్గర మూడు కాగితాలు దూరుతున్నాయి" అని రాస్తే చదివేవాడికి అర్థమవుతుంది. బండ లేనివాళ్లు అద్దం ముక్క వాడుకోవచ్చు.

తర్వాత డ్రై ఫిట్. పెద్ద భాగాలను మాత్రం స్ప్రూ నుంచి కోసి, గేట్లు (చట్రానికి అంటుకున్న చోట్లు) శుభ్రం చేసి, జిగురు లేకుండా టేపుతో కట్టండి. ఫ్యూజిలాజ్ సగాలు, రెక్కలు, తోక, కానపీ (పైలట్ మీది అద్దం మూత) చాలు. రెక్క మొదట్లో సందు వస్తే అదే కాగితంతో కొలవండి. టేపు బిగించి లాగితే మూసుకునే సందు వేరు, ఎంత లాగినా మూసుకోనిది వేరు. మొదటిదానికి జిగురు చాలు, రెండోదానికి పుట్టీ, ఇసుక కాగితం, ఒక ఆదివారం. ఈ పని చేయకుండా రాసింది డబ్బా పరిచయం మాత్రమే. అలాంటిది రాయకూడదని కాదు గానీ, పైనే "ఇంకా అతికించలేదు" అని స్పష్టంగా చెప్పాలి.

పారదర్శక భాగాల్లో చూడాల్సింది తక్కువ. కానపీ కింద అక్షరాలున్న కాగితం పెట్టి అక్షరాలు చదవండి. వంకరపోతే మందం ఎక్కువని అర్థం. నడిమధ్యన అచ్చు గీత ఉంటే రాయండి. మూసి పెట్టేందుకు, తెరిచి పెట్టేందుకు విడివిడి భాగాలు ఇచ్చారో లేదో కూడా చెప్పండి.

డీకాల్స్‌లో (నీళ్లలో తడిపి అతికించే గుర్తులు) మన వాయుసేన చక్రం మంచి పరీక్ష. బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. మూడు రంగులు ఒకదాని మీద ఒకటి అచ్చవ్వాలి కాబట్టి రిజిస్టర్ (రంగుల పొందిక) ఏమాత్రం జరిగినా తెల్ల వలయం ఒక పక్క సన్నగా, ఒక పక్క లావుగా కనిపిస్తుంది. కాషాయం బదులు ఎరుపు వేసినవీ చూశాను. మీకు అక్కర్లేని గుర్తు ఒకటి కోసి నీళ్లలో వేసి, ముదురు బూడిద రంగు వేసిన పాత ప్లాస్టిక్ మీద అతికించి చూడండి. కింది రంగు తెలుపులోంచి తొంగి చూస్తే ఆ షీటు మీద నమ్మకం పెట్టుకోలేం. ఇటలీలో కార్టోగ్రాఫ్ అచ్చు వేసిన షీటని డబ్బాలో రాసి ఉంటే కొనేవాళ్లు ధైర్యంగా ఉంటారు, అయినా పరీక్ష మానకండి. పాత కిట్‌లో షీటు పసుపుపచ్చగా మారి ఉంటే జిప్ కవర్లో పెట్టి, అద్దం కిటికీకి ఎండ తగిలేలా లోపలి వైపు అతికించండి. పసుపు చాలావరకు పోతుంది. కడపలో ఎండకు కరువు లేదు కదా, ఇదొక్కటి మనకు ఉచితం.

విడిగా కొనే భాగాలు

అసలు డబ్బు పోయేది ఇక్కడే. రివ్యూలు అన్నిటికంటే వదులుగా ఉండేదీ ఇక్కడే. రెజిన్ కాక్‌పిట్‌ను తెల్ల కాగితం మీద పెట్టి ఫోటో తీసి "ఏం డీటెయిల్!" అంటారు. అది నిజమే, డీటెయిల్ ఉంటుంది. పన్ను కూడా ట్రేలో పెట్టినప్పుడు అందంగానే ఉంటుంది, నోట్లో కూర్చుంటుందా అన్నదే లెక్క. విడి భాగాన్ని అది ఏ కిట్ కోసం చేశారో ఆ కిట్‌లో పెట్టి చూడకుండా రివ్యూ రాయకూడదు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

రెజిన్ పోతపోసిన భాగంతో మొదలుపెడదాం. కింద పోత దిమ్మ ఉంటుంది. అది ఎక్కడ కలుస్తుందో చూడండి. సీటు అడుగున కలిస్తే మంచిదే, కోసినా కనపడదు. పరికరాల బోర్డు అంచున కలిస్తే కోసేటప్పుడు డీటెయిల్ తెగుతుంది. ఎంత మందం కోయాలో కొలిచి రాయండి. కోయడానికి నేను ప్రొద్దుటూరులో కంసాలి పనిముట్లు అమ్మే అంగడిలో దొరికే సన్న రంపపు బ్లేడు వాడతాను. బంగారం పని జరిగే ఊరు కాబట్టి అక్కడ పట్టకార్లు, చిన్న ఆకురాళ్లు కూడా మంచివి దొరుకుతాయి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, నీళ్లు తడుపుతూ రుద్దండి. మా ల్యాబ్‌లో పొడి లాగేసే మోటారు ఉంటుంది, ఇంట్లో ఉండదు.

బుడగలు రెండు రకాలు. పైన కనిపించే గుంత ఒకటి, పలచటి పొర కింద దాక్కున్నది రెండోది. దాక్కున్నది సూదితో మెల్లగా తట్టితే పగులుతుంది. నియంత్రణ కర్ర, మీటల కొసల్లో తప్పక చూడండి. సన్నని భాగం వంగి వస్తే వేడి నీళ్లలో కాసేపు ముంచి సరిచేసి, చల్లనీళ్లలో పెడితే నిలబడుతుంది. ఇది లోపంగా రాయక్కర్లేదు, మే నెలలో కొరియర్ బండిలో వచ్చిన ఏ సన్నని రెజిన్ అయినా అంతే.

అసలు సంగతి కుంచించుకుపోవడం. రెజిన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుంటుంది. చేసేవాళ్లు ఆ లెక్క వేసుకోకపోతే కాక్‌పిట్ తొట్టి సన్నగా వచ్చి రెండు పక్కలా సందులు పడతాయి. లెక్క ఎక్కువ వేసుకుంటే ఫ్యూజిలాజ్ మూసుకోదు. పక్క గోడలకు రెజిన్ ప్యానెళ్లు ఇచ్చిన సెట్లలో కిట్ ప్లాస్టిక్‌ను లోపలి నుంచి పల్చగా గీకమని కాగితంలో రాసి ఉంటుంది. ఎంత పల్చగా? అది మాత్రం రాయరు. అందుకే గీకిన తర్వాత గోడ మందం వెర్నియర్‌తో కొలిచి మీరే రాయండి. "0.4 మిల్లీమీటర్ల దాకా గీకితే గానీ ఫ్యూజిలాజ్ మూసుకోలేదు" అన్న ఒక్క వాక్యం చదివి కొత్తవాడు ఆ సెట్ కొనాలో వద్దో తేల్చుకోగలడు.

ఎక్కడ తగులుతోందో కనుక్కోవడానికి మా వృత్తిలో ఒక వస్తువు ఉంది. పన్ను కట్టించుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, డాక్టరు ఒక నీలం కాగితం పళ్ల మధ్య పెట్టి కొరకమంటాడు. ఎత్తుగా ఉన్న చోట నీలం అంటుకుంటుంది, అక్కడే అరగదీస్తాడు. దాన్ని ఆర్టిక్యులేటింగ్ పేపర్ అంటారు, డెంటల్ సామాను అమ్మే అంగట్లో చిన్న పుస్తకంలా దొరుకుతుంది. రెజిన్ తొట్టికీ ఫ్యూజిలాజ్ గోడకీ మధ్య ఆ కాగితం పెట్టి రెండు సగాలు నొక్కండి. విప్పి చూస్తే తగిలే చోటు నీలంగా కనిపిస్తుంది. అక్కడ మాత్రమే గీకండి. ఆ నీలం మరకల ఫోటోను రివ్యూలో పెడితే చదివేవాళ్లకు ఎక్కడ గీకాలో చూపించినట్టే.

ఇప్పుడు త్రీడీ ప్రింట్ భాగాలు ఎక్కువయ్యాయి. ఎడ్వార్డ్ లాంటి పెద్ద కంపెనీ కూడా పోత రెజిన్ నుంచి చాలావరకు ప్రింట్‌కు మారింది. పోతలో సాధ్యం కాని సన్నని భాగాలు ఇందులో వస్తాయి. బుడగల భయం లేదు. బదులుగా పొరల గీతలు చూడాలి, ముఖ్యంగా వంపు మెల్లగా తిరిగే చోట, బాంబు ముక్కు, డ్రాప్ ట్యాంకు కొస లాంటివి. బూడిద రంగు ప్రైమర్ పలచగా కొట్టాక చూడండి, అంతకు ముందు కళ్లు మోసపోతాయి. ఆధారపు పుల్లలు ఎక్కడ కలిశాయో, తుంచితే గుంత పడుతోందో చెప్పండి. ప్రింట్ రెజిన్ పెళుసు కాబట్టి పుల్లను విరవకుండా కోయాలి.

ఫోటో ఎచ్ (రసాయనంతో కోసి తీసిన పల్చటి లోహపు భాగాలు) గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఇత్తడి రేకు చదునుగా ఉంటుంది. చదునైన వస్తువుకే అది పనికొస్తుంది: సీటు బెల్టులు, జాలీలు, పల్చటి తలుపులు, ట్యాంకు ఇంజన్ మీది గ్రిల్లు. గుండ్రని మీటను చదునైన రేకుతో చేసి ఇస్తే కిట్‌లోని ప్లాస్టిక్ మీటే నయం. అయినా సెట్‌లో ఉంది కదా అని అన్నీ అతికిస్తారు. రివ్యూలో సెట్‌ను మూడుగా విడదీయండి: తప్పక వాడేవి, ఇష్టమైతే వాడేవి, వదిలేసేవి. ఏ ముక్క నంబరు దేంట్లో పడుతుందో రాయండి. ఎనభై ముక్కల సెట్‌లో పన్నెండే వాడదగ్గవైతే అది సెట్ ధరకు సరిపోతుందో లేదో చదివేవాడే లెక్కేసుకుంటాడు. ముందే రంగు అచ్చు వేసిన ప్యానెళ్లలో భూతద్దం కింద రంగు చుక్కలు కనిపిస్తాయి, 1/72లో అది పట్టించుకోనక్కర్లేదు, 1/32లో కనిపిస్తుంది. క్వింటా స్టూడియో తెచ్చిన ఉబ్బెత్తు త్రీడీ డీకాల్స్ వచ్చాక రంగు ఎచ్ ప్యానెల్‌కు పోయి ఎందుకు కష్టపడాలో నాకు అర్థం కావడం లేదు. నీళ్లలో ముంచి పెట్టడమే, గుండీలు పైకి లేచి ఉంటాయి. వాటితో చిక్కు వేరే ఉంది: కిట్ ప్యానెల్ మీద ఉన్న ఉబ్బులన్నీ ముందు గీకేయాలి. అది చెప్పని రివ్యూ సగమే.

ఎచ్ వంచి చూడకుండా రాయకండి. మడత గీత సరిపడా లోతుగా ఉందా, లేకపోతే గీత పక్కన మడత పడుతోందా చూడాలి. రేకు మొండికేస్తే స్టవ్ మంట మీద ఒకసారి కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది. ఎచ్‌కు ఫెవిక్విక్ లాంటి జిగురే కావాలి. అది గాలిలో తేమతో గట్టిపడుతుంది. మన ఎండాకాలపు పొడి గాలిలో నిదానంగా పడుతుంది కాబట్టి జిగురు పట్టలేదని సెట్‌ను తిట్టకండి.

లోహపు గొట్టాలతో నాకు గొడవ లేదు. పోలండ్ కంపెనీ మాస్టర్ లేత్ మీద తీసిన ఇత్తడి పిటాట్ గొట్టాలు, తుపాకీ గొట్టాలు చేస్తుంది. మిగ్-21కు కొనదగ్గ విడి భాగం ఒక్కటే అయితే అది పిటాట్ గొట్టమే. ముక్కు ముందుకు పొడుచుకుని ఉంటుంది, ప్లాస్టిక్‌దైతే దుమ్ము దులిపేటప్పుడు విరుగుతుంది. రివ్యూలో చూడాల్సింది కిట్ రంధ్రం వ్యాసం, గొట్టం వ్యాసం రెండూ కొలవడం, ఎంత డ్రిల్లు బిట్టు కావాలో చెప్పడం. 1/35 ట్యాంకులకు హంగరీ ఫ్రియుల్‌మోడల్ లోహపు ట్రాకులు బరువుకు చక్రాల మీద వాలినట్టు కూర్చుంటాయి, అది ప్లాస్టిక్‌లో రావడం కష్టం. పిన్నుల రంధ్రాలు ఎన్నిటికి మళ్లీ డ్రిల్ చేయాల్సి వచ్చిందో రాయండి చాలు. తెల్ల లోహపు చక్రాల కాళ్లు మాత్రం 1/72కు నాకు అనవసరంగా తోస్తాయి. వంగుతాయి కూడా.

బరువు సంగతి ఎవరూ రాయరు, మీరు రాయండి. మిగ్ ముక్కు చక్రం మీద నిలబడాలంటే ముందు బరువు పెట్టాలి. రెజిన్ కాక్‌పిట్ పెడితే ముందు వైపు కొంత బరువు దానంతటదే వస్తుంది. వెనక రెజిన్ ఎగ్జాస్టు పెడితే తోక కిందికి లాగుతుంది, ముక్కు కోన్‌లో ఇంకా సీసం దూర్చాలి, అక్కడ చోటు తక్కువ. వంటింటి చిన్న డిజిటల్ త్రాసు మీద రెజిన్ భాగాన్ని, దాని బదులు తీసేసే కిట్ భాగాన్ని తూచి రెండు అంకెలూ ఇవ్వండి.

ఇవన్నీ అయ్యాక చివరి ప్రశ్న: ఇది లేకపోతే కనిపించేదేం పోతుంది? మేనల్లుడు కిట్ ఎంచుకున్నాక మళ్లీ ఫోన్ చేశాడు.

"అత్తా, దీనికి రెజిన్ కాక్‌పిట్ కూడా తెప్పించేదా?"

"కానపీ తెరిచి పెడతావా, మూసి పెడతావా?"

"మూసే పెడతా. ఎగురుతున్నట్టు స్టాండు మీద పెట్టాలని."

"మరి ఆ డీటెయిలు ఎవరికి రా, పైలట్‌కా?"

తెప్పించలేదు. పిటాట్ గొట్టం, కానపీ మాస్కులు (రంగు వేసేటప్పుడు అద్దం మీద అతికించేవి) తెప్పించుకున్నాడు. మాస్కుల ధర చూసి మొదట గొణిగాడు గానీ, మిగ్ కానపీకి టేపు కోసి అతికించడంకంటే అదే చవక.

రాసేటప్పుడు

నక్షత్రాలు వద్దు. వంద కిట్లు కట్టినవాడికి మూడు నక్షత్రాల కిట్టు సరదా పని, మొదటిసారి కట్టేవాడికి అదే చేతకాక అటక మీద పడేసే కిట్టు. నక్షత్రాల బదులు ఇది ఎవరికి పనికొస్తుందో రాయండి. నేను ఒక భాగం గురించి రాస్తే దాదాపు ఇలా ఉంటుంది: "1/48 బిస్ కోసం చేసిన రెజిన్ తొట్టి. దిమ్మ అడుగున ఉంది, కోత 4 మిల్లీమీటర్ల మందం, పరికరాల బోర్డుకు ప్రమాదం లేదు. ఎడమ పక్క ప్యానెల్‌లో ఒక బుడగ, రంగు వేశాక కనపడదు. రెండు పక్కలా కిట్ గోడ 0.5 దాకా గీకాల్సి వచ్చింది. సీటు కేఎం-1, బిస్‌కు సరైనదే. కానపీ మూసి పెట్టేవాళ్లు కొననక్కర్లేదు." ఇందులో పొగడ్త లేదు, తిట్టూ లేదు. కొనాలో వద్దో మాత్రం తెలిసిపోతుంది.

ధర రాసేటప్పుడు డబ్బా ధర, కొరియర్, సుంకం విడివిడిగా ఇచ్చి, చేతికి వచ్చేసరికి ఎంతైందో చెప్పండి. విడి భాగాలన్నీ కలిపి కిట్ ధరను దాటితే ఆ మాట విడిగా రాయండి. అంగడివాళ్లో కంపెనీవాళ్లో ఉచితంగా ఇచ్చిన వస్తువైతే ఆ సంగతి మొదటి వాక్యంలో ఉండాలి, చివర చిన్న అక్షరాల్లో కాదు. తెలిసినవాళ్లు అంగట్లో ఉంటే ఇంకా మొహమాటం ఎక్కువ. మన ఊళ్లలో "అన్నా, కాస్త మంచిగా రాయి" అని ముఖం మీదే అడుగుతారు. నాకు ఒకరు అలా అడిగితే డబ్బు ఇచ్చేసి కొనుక్కుని రాశాను, ఆ తర్వాత అడగలేదు.

ఫోటోల్లో ప్రతి భాగం పక్కనా స్టీలు స్కేలు పెట్టండి. రూపాయి నాణెం వద్దు, ఏ సంవత్సరం నాణేనికి ఆ సైజు వేరు. ఫ్లాష్ వేయకండి, డీటెయిల్ చదునైపోతుంది. లోపం చూపించే ఫోటోతోపాటు ఆ భాగం మొత్తం కనిపించే ఫోటో ఒకటి ఉండాలి, లేకపోతే చిన్న గుంత కూడా చెరువులా కనిపిస్తుంది.

కిట్ పూర్తయ్యాక, రంగులు వేసి డీకాల్స్ పెట్టాక, ముందు రాసినదానికి కింద ఇంకో పేరా చేర్చండి. డ్రై ఫిట్‌లో బాగున్న రెక్క జిగురు పడ్డాక ఎలా ఉందో, డీకాల్ వంపు మీద కూర్చుందో లేదో అప్పుడే తెలుస్తుంది. మీ డబ్బా మీది కిట్ నంబరు, కొన్న నెల రాసి ఉంచండి. కంపెనీ ఎప్పుడైనా తప్పు భాగాన్ని సరిచేసి కొత్త స్ప్రూ పెడితే పాత రివ్యూలో ఏ వాక్యం చెల్లదో చెప్పడానికి ఆ నంబరే ఆధారం. అప్పుడు పాత వాక్యాన్ని చెరిపేయకండి. దాని పక్కనే తేదీ వేసి కొత్త సంగతి రాయండి, ఎందుకంటే అంగట్లో పాత డబ్బాలు ఇంకా అమ్ముడవుతూనే ఉంటాయి.